సిగార్ పెట్టె రాష్ట్రం దాటి వస్తే పన్ను ఎవరు కట్టాలి?

బోస్టన్ శివార్లలో ఒక ఇల్లు అనుకుందాం. బిడ్డ పుడితే స్నేహితులకు సిగార్లు పంచడం అమెరికాలో పాత ఆనవాయితీ. ఇంటాయన ఇరవై సిగార్ల పెట్టె ఒకటి కొందామనుకున్నాడు. పక్క వీధి దుకాణంలో అడిగితే 190 డాలర్లు, దాని మీద మాసచుసెట్స్ సేల్స్ టాక్స్ 6.25 శాతం కలిపి 201 డాలర్ల 88 సెంట్లు అన్నారు. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాడు. పెన్సిల్వేనియాలోని ఓ చిన్న దుకాణం అదే పెట్టెను ఆన్‌లైన్‌లో 150 డాలర్లకు అమ్ముతోంది. పంపడానికి ఖర్చు లేదు. బిల్లులో పన్ను అన్న మాటే లేదు. ఒక్క పెట్టె మీద 51 డాలర్ల 88 సెంట్లు మిగులుతున్నాయి.

నిజంగా అంత మిగులుతుందా? ఈ ధరలు లెక్క కోసం మనం అనుకున్నవే కానీ, పన్నుల రేట్లు మాత్రం నిజమైనవి. ఆ రేట్లతో చివరిదాకా లెక్క కడితే మిగిలేది రెండున్నర డాలర్లు. మిగతా డబ్బు మాసచుసెట్స్ రాష్ట్రానికి వెళ్లాల్సిన పన్ను. దుకాణం వసూలు చేయలేదు కాబట్టి ఆ బాకీ కొన్నవాళ్ల పేరు మీద ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలియక కట్టని పన్నుకు కూడా వడ్డీ పడుతుంది. అందుకే ఈ లెక్కను మొదటి నుంచి ఒక్కొక్క మెట్టుగా చూద్దాం.

సిగార్, సిగరెట్ ఒకటి కాదా?

చట్టం దృష్టిలో కాదు. కాగితంలో చుడితే సిగరెట్, పొగాకులోనే చుడితే సిగార్. మనకిది కొత్త సంగతేమీ కాదు. గోదావరి లంక పొగాకుతో చుట్టే చుట్టకు, కొట్లో అమ్మే సిగరెట్టుకు ఉన్న తేడానే ఇది. సిగార్‌ను మన చుట్టకు దగ్గరి చుట్టంగా అనుకోండి. అమెరికా పన్ను చట్టం సిగార్లను బరువును బట్టి మళ్లీ రెండుగా చీలుస్తుంది. వెయ్యి సిగార్ల బరువు మూడు పౌండ్లు, అంటే సుమారు 1.36 కిలోలు దాటితే అవి పెద్ద సిగార్లు, దాటకపోతే చిన్నవి. చేత్తో చుట్టిన ఖరీదైన సిగార్లన్నీ పెద్దవాటి లెక్కలోకే వస్తాయి. ఈ కథనం వాటి గురించే.

ఒక పెట్టె మీద ఎన్ని పన్నులు?

మూడు. మొదటిది కేంద్ర ప్రభుత్వం వేసే ఎక్సైజ్, అంటే తయారీదారు లేదా దిగుమతిదారు దగ్గరే వసూలయ్యే సుంకం. రెండోది రాష్ట్రం పొగాకు మీద ప్రత్యేకంగా వేసే పన్ను. మూడోది చాలా వస్తువుల మీద ఉండే సేల్స్ టాక్స్. ఈ మూడూ వేర్వేరు ఖాతాలు. ఒకటి కట్టినంత మాత్రాన మిగతావి కట్టినట్టు కాదు. తికమకంతా ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లే వస్తుంది.

మొదటిదాని గురించి మీరు చేయాల్సిందేమీ లేదు. పెద్ద సిగార్ మీద కేంద్ర సుంకం తయారీదారు లేదా దిగుమతిదారు అమ్మకం ధరలో 52.75 శాతం. వినడానికి ఎక్కువగా ఉన్నా దానికో గరిష్ఠ పరిమితి ఉంది: ఒక్కో సిగార్‌కు 40.26 సెంట్లు మించకూడదు. 2009 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రేటు ఇది. దిగుమతిదారు ధర 77 సెంట్లకు చేరేసరికే ఈ పరిమితి తగులుతుంది. కాబట్టి నాలుగు డాలర్ల సిగార్ మీదా, నలభై డాలర్ల సిగార్ మీదా కేంద్రానికి వెళ్లేది అదే 40.26 సెంట్లు. ఇరవై సిగార్ల పెట్టెకు 8 డాలర్ల 5 సెంట్లు. ఎక్కడ కొన్నా ఇది ధరలో కలిసిపోయే వస్తుంది.

అసలు చిక్కు రెండో పన్నుతోనే వస్తుంది.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ ఎంత తేడా?

నమ్మలేనంత. ఇరవై సిగార్ల పెట్టె టోకు ధర 100 డాలర్లు అనుకుందాం. అంటే ఒక్కో సిగార్ అయిదు డాలర్లు. టోకు పంపిణీదారుడు తయారీదారుకు ఇచ్చే ధర అది. చాలా రాష్ట్రాలు పొగాకు పన్నును ఈ టోకు ధర మీదే లెక్కగడతాయి. కొన్ని చోట్ల తయారీదారు ప్రకటించిన ధర మీద వేస్తారు. పోల్చుకోవడానికి ఇక్కడ అన్నింటికీ 100 డాలర్లనే తీసుకుందాం. 2025 నాటి రేట్లతో ఆ పెట్టె మీద పడే రాష్ట్ర పొగాకు పన్ను ఇది:

- ఫ్లోరిడా, పెన్సిల్వేనియా: పెద్ద సిగార్ల మీద పొగాకు పన్ను లేదు. సున్నా.
- టెక్సస్: ఒక్కో సిగార్‌కు 1.1 సెంట్లు. పెట్టెకు 22 సెంట్లు.
- విస్కాన్సిన్, కనెటికట్, అయోవా: శాతాలు వేరైనా గరిష్ఠ పరిమితి ఒకటే, సిగార్‌కు 50 సెంట్లు. పెట్టెకు 10 డాలర్లు.
- ఆరెగన్: 65 శాతం, పరిమితి సిగార్‌కు ఒక డాలర్. పెట్టెకు 20 డాలర్లు.
- జార్జియా: 23 శాతం. 23 డాలర్లు.
- న్యూజెర్సీ: 30 శాతం. 30 డాలర్లు.
- మాసచుసెట్స్: 40 శాతం. 40 డాలర్లు.
- ఇల్లినాయ్: 2025 జూలై 1 నుంచి 45 శాతం. 45 డాలర్లు.
- న్యూయార్క్: 75 శాతం. 75 డాలర్లు.

కాలిఫోర్నియా సంగతి విడిగా చెప్పాలి. అక్కడ ఈ రేటు ఏటా జూలై 1న మారుతుంది. 2023–24లో 56.32 శాతం, 2024–25లో 52.92 శాతం. నిరుటి బిల్లు చూసి ఈ ఏటి పన్ను లెక్కేసుకుంటే తప్పుతుందన్నమాట.

ఈ అంకెలను ఇంటి ఖర్చు లెక్కలో చూడండి. రెండు నెలలకో పెట్టె చొప్పున ఏడాదికి ఆరు పెట్టెలు కొనే మనిషి టెక్సస్‌లోని డాలస్‌లో ఉంటే రాష్ట్ర పొగాకు పన్ను ఏడాది మొత్తానికి 1 డాలర్ 32 సెంట్లు, ఓ కప్పు టీకి కూడా చాలదు. అదే మనిషి ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వెళితే 180 డాలర్లు, హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లో దిగితే 450 డాలర్లు. మనిషి ఒక్కడే, అలవాటు ఒక్కటే. చిరునామా మారితే చాలు, ఈ ఖర్చు మూడు వందల రెట్లకు పైగా పెరుగుతుంది.

శాతం, గరిష్ఠ పరిమితి: ఈ రెండింటికీ ఎందుకంత తేడా?

ఒక ఉదాహరణ. టోకు ధర 2 డాలర్లున్న సిగార్ ఒకటి, 20 డాలర్లున్నది ఒకటి తీసుకోండి. మాసచుసెట్స్‌లో మొదటిదానికి 80 సెంట్లు, రెండోదానికి 8 డాలర్లు. ధరతోపాటు పన్నూ పెరిగింది. కనెటికట్‌లో రేటు 50 శాతం. పరిమితి లేకపోతే ఒక డాలర్, 10 డాలర్లు పడేవి. పరిమితి ఉంది కాబట్టి రెండింటికీ 50 సెంట్లే. అందుకే రేటు ఎంత అని మాత్రమే అడిగితే సరిపోదు, పరిమితి ఉందా అని కూడా అడగాలి. మినెసోటాలో రేటు 95 శాతం అని విని భయపడేవాళ్లున్నారు. అక్కడ ప్రీమియం సిగార్, అంటే చట్టం చెప్పిన లక్షణాలున్న చేత్తో చుట్టిన సిగార్ మీద 2017 నుంచి పడేది 50 సెంట్లకు మించదు.

రాష్ట్రం బయటి దుకాణం నుంచి వస్తే ఈ పన్ను ఎలా పడుతుంది?

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. మీ ఊరి దుకాణంలో కొన్న సిగార్‌కు పొగాకు పన్నును మీరు నేరుగా కట్టరు. ఆ రాష్ట్రంలో లైసెన్సున్న టోకు పంపిణీదారుడు ముందే కట్టేసి, ధరలో కలిపి దుకాణానికి అమ్ముతాడు. దుకాణం మీకు అమ్ముతుంది. మీ బిల్లులో ఆ పన్ను విడిగా కనపడదు. పక్క వీధి దుకాణం 190 డాలర్లు అన్నప్పుడు అందులో 40 డాలర్ల రాష్ట్ర పన్ను దాగి ఉంది.

పెన్సిల్వేనియా నుంచి పార్శిల్ నేరుగా మీ గుమ్మానికి వస్తే మధ్యలో ఆ పంపిణీదారుడు లేడు. మరి పన్ను ఎవరు కట్టాలి? దీనికి చాలా రాష్ట్రాల చట్టాలు ముందుగానే జవాబు రాసుకున్నాయి: పన్ను పడని సరుకు రాష్ట్రంలో ఎవరి చేతికి అందిందో వాళ్లే కట్టాలి. కాలిఫోర్నియా చట్టంలో పంపిణీ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే, పన్ను కట్టని పొగాకును రాష్ట్రంలో వాడుకోవడం కూడా ఉంది. మినెసోటా చట్టం వినియోగదారుడి మీదే పన్ను వేస్తున్నట్టు నేరుగా చెబుతుంది. మాసచుసెట్స్ చట్టం లైసెన్సు లేకుండా బయటి నుంచి తెచ్చుకునేవాళ్లకు ఒక ప్రత్యేకమైన పేరే పెట్టి, వాళ్లూ రిటర్ను వేసి పన్ను కట్టాలంటుంది. అంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టిన ఇంటాయన, ఆ పెట్టె మటుకు, పంపిణీదారుడి స్థానంలో నిలబడ్డాడన్నమాట.

ఇప్పుడు ఆన్‌లైన్ దుకాణాలన్నీ పన్ను వసూలు చేస్తున్నాయి కదా?

చేస్తున్నవాటిలో ఎక్కువ భాగం సేల్స్ టాక్స్. 1992లో క్విల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రంలో దుకాణమో గిడ్డంగో లేని వ్యాపారి చేత ఆ రాష్ట్రం సేల్స్ టాక్స్ వసూలు చేయించకూడదని చెప్పింది. 2018 జూన్ 21న సౌత్ డకోటా రాష్ట్రానికీ వేఫేర్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో ఆ తీర్పును అదే కోర్టు 5–4 తేడాతో పక్కనపెట్టింది. అప్పటి సౌత్ డకోటా చట్టం ప్రకారం ఏడాదిలో ఆ రాష్ట్రానికి లక్ష డాలర్లకు మించి సరుకు పంపినా, 200 అమ్మకాలు జరిపినా వ్యాపారి సేల్స్ టాక్స్ వసూలు చేయాల్సి ఉండేది. తర్వాత మిగతా రాష్ట్రాలూ అలాంటి చట్టాలే తెచ్చుకున్నాయి.

అందుకే పెద్ద ఆన్‌లైన్ దుకాణాల బిల్లులో ఇప్పుడు సేల్స్ టాక్స్ కనపడుతుంది. ఆ గీత చూసి పన్నంతా తీరిపోయిందనుకుంటే పొరపాటు. ఆ తీర్పు వచ్చింది సేల్స్ టాక్స్ గురించి. పొగాకు పన్ను వేరే చట్టం, వేరే ఖాతా. వేఫేర్ తీర్పు తర్వాత కొన్ని రాష్ట్రాలు బయటి సిగార్ అమ్మకందార్లే పొగాకు పన్ను కూడా వసూలు చేసి కట్టాలని చట్టాలు చేశాయి. అన్నీ చేయలేదు.

బిల్లు ఎలా చదవాలి?

మూడు గీతలు వెతకండి: సరుకు ధర, సేల్స్ టాక్స్, పొగాకు పన్ను. పొగాకు పన్నును కొన్ని బిల్లుల్లో ఓటీపీ టాక్స్ అని రాస్తారు. మనకు ఓటీపీ అంటే ఫోన్‌కు వచ్చే అంకెలు గుర్తొస్తాయి కానీ, ఇక్కడ దాని అర్థం ఇతర పొగాకు ఉత్పత్తులు, అంటే సిగరెట్టు కాని పొగాకు సరుకు. ఆ గీత ఉండి, పక్కన మీ రాష్ట్రం పేరు ఉంటే పొగాకు పన్ను మీ తరఫున చేరినట్టే. లేకపోతే, మీ రాష్ట్రంలో సిగార్ల మీద పన్ను ఉంటే, బాకీ మీదే.

పొగాకును పోస్టులో పంపకూడదని చట్టం ఉందని విన్నామే?

ఉంది, కానీ అది సిగార్లకు వర్తించదు. 2010 మార్చి 31న సంతకమైన పాక్ట్ చట్టం ఆన్‌లైన్‌లో సిగరెట్లు, నోట్లో వేసుకునే పొగాకు అమ్మేవాళ్ల మీద గట్టి షరతులు పెట్టింది. అమ్మినవారి వివరాలు, కొన్నవారి వివరాలు సరుకు చేరే రాష్ట్రానికి నెలనెలా పంపాలి. స్థానిక పన్నులు కట్టాలి. అమెరికా పోస్టల్ సర్వీసులో పంపకూడదు. దీనికి మూలం 1949 నాటి జెంకిన్స్ చట్టం. 2020 డిసెంబరులో ఇ–సిగరెట్లను కూడా పాక్ట్ పరిధిలోకి తెచ్చారు. సిగరెట్ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచి సిగార్లను మాత్రం చట్టమే మినహాయించింది. అందుకే సిగార్ల పెట్టె పోస్టులో కూడా రావచ్చు. పంపే పద్ధతికి మినహాయింపు దొరికింది కానీ, రాష్ట్రం పన్నుకు దొరకలేదు. 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదన్న నియమమైతే 2019 డిసెంబరు 20 నుంచి సిగార్లతో సహా అన్ని పొగాకు ఉత్పత్తులకూ ఉంది.

రాష్ట్రాలు తమంతట తాము నిషేధించడం వేరే సంగతి. వాషింగ్టన్ రాష్ట్రం, యూటా ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన సిగార్లను నేరుగా వినియోగదారుడికి పంపడాన్నే ఒప్పుకోవు. వాషింగ్టన్‌లో పొగాకు పన్ను 95 శాతం, సిగార్‌కు 65 సెంట్లు పరిమితి. యూటాలో 86 శాతం. వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడ ప్రశ్న పన్ను ఎంత అన్నది కాదు, ఆ పార్శిల్ రావడమే చట్టవిరుద్ధం. ఆర్డర్ పెట్టేముందు మీ రాష్ట్రం దీన్ని అనుమతిస్తుందా అన్నది చూసుకోవడం మొదటి పని.

దుకాణం అడగకపోతే తప్పు దుకాణానిది కాదా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, సిగరెట్ల విషయంలో. న్యూ మెక్సికో నుంచి ఆన్‌లైన్‌లో సిగరెట్లు అమ్మిన హెమీ గ్రూప్ అనే సంస్థ కొన్నవాళ్ల జాబితాను ప్రభుత్వానికి ఇవ్వకపోవడం వల్ల తమ పన్ను పోయిందని న్యూయార్క్ నగరం దావా వేసింది. 2010 జనవరిలో తీర్పు వచ్చింది. నగరం ఓడిపోయింది. పన్ను బాకీ ఉన్నది కొన్నవాళ్లు, నగరానికి నష్టం వచ్చింది వాళ్లు కట్టకపోవడం వల్ల, అమ్మినవాడు జాబితా ఇవ్వకపోవడానికీ ఆ నష్టానికీ మధ్య దూరం చాలా ఉందన్నది ఆ తీర్పు సారాంశం. సంస్థ గెలిచింది కాబట్టి కొన్నవాళ్లూ గెలిచారనుకునే వీలు లేదు. ఆ తీర్పులో తర్కమంతా పన్ను కొన్నవాళ్లదే అన్న దాని మీద నిలబడింది.

శాతం ఏ ధర మీద వేయాలి? టోకు ధర నాకెలా తెలుస్తుంది?

మంచి సందేహం. మీరు కట్టింది చిల్లర ధర. టోకు ధర మీకు ఎవరూ చెప్పరు. ఇక్కడ రాష్ట్రాలు ఒక్కో పద్ధతి పాటిస్తాయి. మినెసోటా చట్టం వినియోగదారుడికి పడిన ఖరీదునే ఆధారంగా తీసుకుంటుంది, ప్రీమియం సిగార్‌కు పైన చెప్పిన 50 సెంట్ల పరిమితితో. మరికొన్ని టోకు ధరనే పట్టుకుంటాయి. ఆధారం మారితే మొత్తం ఎంత మారుతుందో చూడండి: 40 శాతాన్ని 100 డాలర్ల టోకు ధర మీద వేస్తే 40 డాలర్లు, 150 డాలర్ల చిల్లర ధర మీద వేస్తే 60 డాలర్లు. కాబట్టి ఊహతో లెక్క కట్టవద్దు. మీ రాష్ట్ర రెవెన్యూ శాఖ పొగాకు పన్ను రిటర్ను తీసి, దాంతోపాటు ఉండే సూచనల్లో ఏ ధర మీద వేయాలని రాశారో చదవండి. అర్థం కాకపోతే ఆ శాఖకు ఫోన్ చేసి అడగండి. పన్ను కడతామని చేసే ఫోన్ వల్ల చిక్కులు రావు.

సేల్స్ టాక్స్ కూడా వేయకపోతే?

అప్పుడు యూజ్ టాక్స్ వర్తిస్తుంది. సేల్స్ టాక్స్ పడకుండా బయటి నుంచి తెచ్చుకున్న వస్తువును రాష్ట్రంలో వాడుకున్నందుకు కట్టే పన్ను ఇది. రేటు సేల్స్ టాక్స్‌తో సమానం. 150 డాలర్ల పెట్టెకు న్యూజెర్సీలో 6.625 శాతం చొప్పున 9 డాలర్ల 94 సెంట్లు, న్యూయార్క్ నగరంలో 8.875 శాతం చొప్పున 13 డాలర్ల 31 సెంట్లు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, మాసచుసెట్స్‌లలో ఏటా వేసే రాష్ట్ర ఆదాయపు పన్ను రిటర్నులోనే దీనికో గీత ఉంటుంది. చాలామంది ఆలోచించకుండా అక్కడ సున్నా వేసి ముందుకు వెళతారు. రిటర్ను మీద సంతకం పెడుతున్నాం కాబట్టి ఆ సున్నా కూడా మన సంతకం కిందికే వస్తుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కనుక యూజ్ టాక్స్‌కు విడిగా ఫారం వేయాలి.

గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి: ఆ గీతలో చేరేది యూజ్ టాక్స్ మాత్రమే. పొగాకు పన్నుకు ఫారం వేరు, గడువు వేరు. కొన్ని చోట్ల ఆ గడువు ఏడాది చివరిదాకా ఉండదు, సరుకు అందిన కొద్ది రోజులకే ముగుస్తుంది.

కారులో వెళ్లి తెచ్చుకుంటే?

బోస్టన్ నుంచి న్యూ హాంప్‌షైర్ సరిహద్దు గంట ప్రయాణం కూడా ఉండదు. అక్కడ సేల్స్ టాక్స్ లేదు, ప్రీమియం సిగార్ల మీద పొగాకు పన్నూ లేదు. వెళ్లి కొనుక్కోవడం నేరం కాదు. కానీ మాసచుసెట్స్‌కు తెచ్చి వాడుకుంటే యూజ్ టాక్స్ బాకీ పడుతుంది. పొగాకు పన్నుకూ అదే సూత్రం. పార్శిల్‌లో వచ్చిందా, కారులో వచ్చిందా అన్నదానికంటే ఎక్కడ వాడుకున్నామన్నదే ముఖ్యం. వేరే రాష్ట్రంలో సేల్స్ టాక్స్ కట్టి ఉంటే ఆ మేరకు మీ రాష్ట్రపు యూజ్ టాక్స్‌లో తగ్గించుకోవడానికి సాధారణంగా వీలుంటుంది, రశీదు ఉంటే. విదేశం నుంచి తిరిగొచ్చేటప్పుడు అమెరికా నివాసి కస్టమ్స్ మినహాయింపు కింద వంద సిగార్ల దాకా తెచ్చుకోవచ్చు. ఆ మినహాయింపు కేంద్రం ఇచ్చింది. రాష్ట్రం పన్నును అది తీసేయదు.

ఇండియాలో ఈ తిప్పలు లేవెందుకు?

2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది కాబట్టి. ముంబై వ్యాపారి హైదరాబాద్‌లోని కొనుగోలుదారుడికి సరుకు పంపితే బిల్లులో ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను పడుతుంది. కేంద్రం వసూలు చేసి, రాష్ట్రం వాటాను సరుకు చేరిన తెలంగాణకు ఇస్తుంది. కొన్నవాడు ఏ ఫారమూ నింపక్కర్లేదు. అమెరికాలో దేశమంతటికీ ఒకటే అమ్మకం పన్ను లేదు. 45 రాష్ట్రాలూ రాజధాని వాషింగ్టన్ డీసీ ఎవరి సేల్స్ టాక్స్ వాళ్లు వేసుకుంటాయి, పొగాకు పన్ను దానికి అదనం. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లకు బిల్లులో లేని పన్ను ఉంటుందన్న ఆలోచనే రాకపోవడానికి మన అలవాటు కూడా ఒక కారణం.

కట్టకపోతే ఏమవుతుంది?

ఒక్క పెట్టె కోసం ఎవరూ తలుపు తట్టకపోవచ్చు. కానీ రిటర్నే వేయని పన్నుకు చాలా రాష్ట్రాల్లో కాలపరిమితి మొదలు కాదు. అంటే ఇన్నేళ్లు గడిచాయి కాబట్టి అడగరన్న భరోసా ఉండదు. అడిగిన రోజున అసలుతో పాటు వడ్డీ, జరిమానా ఉంటాయి. న్యూయార్క్‌లో ఏడాదికి ఆరు పెట్టెల లెక్కన అయిదేళ్లకు పొగాకు పన్ను ఒక్కటే 2,250 డాలర్లు. అంత మొత్తం ఒక్కసారి కట్టమంటే ఏ ఇంటికైనా భారమే.

ఇప్పుడు మన పెట్టె దగ్గరికి వద్దాం

తెరమీద ధర 150 డాలర్లు. మాసచుసెట్స్ పొగాకు పన్ను, టోకు ధర మీద, 40 డాలర్లు. యూజ్ టాక్స్ 9 డాలర్ల 38 సెంట్లు. మొత్తం 199 డాలర్ల 38 సెంట్లు. పక్క వీధి దుకాణంలో 201 డాలర్ల 88 సెంట్లు. తేడా రెండున్నర డాలర్లు. అదే పెట్టె టెక్సస్ ఇంటికి వెళితే, 8.25 శాతం యూజ్ టాక్స్ 12 డాలర్ల 38 సెంట్లు, పొగాకు పన్ను 22 సెంట్లు కలిపి 162 డాలర్ల 60 సెంట్లు. ఆన్‌లైన్‌లో లాభమా నష్టమా అన్నదానికి జవాబు మీరుండే చిరునామాను బట్టి ఉంటుంది.

పొగాకు పన్ను ఇంత ఎక్కువ ఎందుకన్న ప్రశ్నకు ఒకే మాట. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదన్నది నిజం కాదు. నోటి, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు సిగార్ కూడా కారణమవుతుంది. ఆ వాడకాన్ని తగ్గించడం కూడా ఈ పన్నుల ఉద్దేశాల్లో ఒకటి.

కొనడమా మానడమా అన్నది మీ నిర్ణయం. కొంటే మాత్రం నాలుగు పనులు చేయండి. మీ రాష్ట్రం ఆ పార్శిల్‌ను ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. బిల్లులో పొగాకు పన్ను గీత ఉందో లేదో చూడండి. లేకపోతే రశీదును ఇంటి పన్ను కాగితాల ఫైలులో పెట్టి, పొగాకు పన్ను గడువును క్యాలెండర్‌లో రాసుకోండి. ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో యూజ్ టాక్స్ గీత దగ్గరికి వచ్చినప్పుడు సున్నా వేసే ముందు ఆ ఫైలు ఒకసారి తెరవండి. దుకాణం అడగలేదంటే ఆ పన్ను మాఫీ అయినట్టు కాదు. అది మీ ఇంటి గుమ్మం దగ్గరే ఉంది, మీరు కట్టేదాకా.